ఎత్తిన మట్టి ఎక్కడ దించారు?

2007 నుంచి 2009 దాకా అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో ఒక గూడ్సు బండి మట్టి మోసింది. ఏదో ఇసుకో కంకరో కాదు, నది అడుగున పేరుకుపోయిన సన్నటి బురద మట్టి. మిల్‌టౌన్ అనే ఊరి దగ్గర ఎక్కించుకునేది. క్లార్క్ ఫోర్క్ నదిని ఆనుకుని ఎగువకి సుమారు 160 కిలోమీటర్లు వెళ్ళేది. ఆపర్చునిటీ అనే ఊరి పక్కన ఆ మట్టిని గుమ్మరించి ఖాళీగా తిరిగొచ్చేది. మళ్ళీ ఎక్కించుకుని మళ్ళీ బయల్దేరేది. అలా మొత్తం 22 లక్షల ఘనగజాల మట్టి తరలిపోయింది. మట్టిని కిందికి మోయడం నదుల పని. వందేళ్ళ కిందట ఈ నది కిందికి తెచ్చి పడేసిన మట్టిని మనుషులు రైలెక్కించి మళ్ళీ పైకి పంపారు.

రెస్టోరేషన్ అనే మాటకి మనం పునరుద్ధరణ అని రాస్తుంటాం. ఉద్ధరించడమంటే పైకెత్తడం. మునిగిపోయినదాన్ని, పడిపోయినదాన్ని మళ్ళీ పైకి ఎత్తి నిలబెట్టడం. మిల్‌టౌన్ దగ్గర జరిగింది అక్షరాలా అదే. కానీ ఎత్తినదాన్ని ఎక్కడో ఒకచోట దించాలి కదా. ఆ సంగతి ఈ మాటలో లేదు. గనులు పాడుచేసిన నదీలోయల్ని బాగుచేసిన కథలు చదివినప్పుడల్లా నాకు ఈ ప్రశ్నే మిగులుతుంది: ఎత్తిన మట్టి ఎక్కడ దించారు? ఎవరి వాకిట్లో? క్లార్క్ ఫోర్క్ లోయ చరిత్రలో ఈ ప్రశ్నకి జవాబు చాలా స్పష్టంగా దొరుకుతుంది. అందుకే ఆ లోయ గురించి రాయాలనిపించింది.

1

సియాటిల్ నుంచి ఎల్లోస్టోన్‌కి కార్లో వెళ్ళే మన తెలుగువాళ్ళు చాలామంది ఐ-90 హైవే మీద ఈ లోయలోంచే పోతారు. నేనూ ఆ దారిన వెళ్ళినవాణ్ణే. మిజూలా దాటగానే ఎడమపక్క మిల్‌టౌన్ వస్తుంది. ఇంకొంత దూరం పోయాక కుడివైపు దూరంగా, కొండ మీద ఒంటరిగా నిలబడ్డ పొగగొట్టం కనిపిస్తుంది. ఆ తర్వాత బ్యూట్. దారిలో కాఫీకో పెట్రోలుకో ఆగి ముందుకి పోతాం. ఆ మూడింటినీ కలిపే కథ ఒకటుందని కారు అద్దంలోంచి తెలియదు.

బ్యూట్ పట్టణం మధ్యలోంచి పారే సిల్వర్ బో క్రీక్ అనే వాగు కిందికొచ్చి, వార్మ్ స్ప్రింగ్స్ దగ్గర ఇంకో వాగుతో కలిసి క్లార్క్ ఫోర్క్ నది అవుతుంది. అక్కణ్ణుంచి 190 కిలోమీటర్లు పారి మిల్‌టౌన్ చేరుతుంది. అక్కడ ఉత్తరం నుంచి బ్లాక్‌ఫుట్ నది వచ్చి కలుస్తుంది. ఇంకొంచెం దిగువన మిజూలా నగరం. తెలుగు పాఠకులకి బ్లాక్‌ఫుట్ పేరు ఎక్కడో విన్నట్టు అనిపిస్తే అది నార్మన్ మెక్లీన్ వల్లే. 1976లో వచ్చిన ‘ఎ రివర్ రన్స్ త్రూ ఇట్’ లో అన్నదమ్ములు చేపలు పట్టే నది ఇదే.

ఈ రెండు నదులు కలిసే చోటికి సేలిష్ ఆదివాసులు పెట్టుకున్న పేరుకి ‘పెద్ద బుల్ ట్రౌట్ చేపలుండే చోటు’ అని అర్థం. బుల్ ట్రౌట్ చల్లటి, శుభ్రమైన నీళ్ళల్లో మాత్రమే బతికే చేప. గుడ్లు పెట్టడానికి పెద్ద నదిలోంచి చిన్న వాగుల్లోకి ఎదురీదుతుంది. ఊరి పేరులోనే ఆ నది ఎలా ఉండేదో చెప్పే సాక్ష్యం ఉందన్నమాట. 1855లో హెల్‌గేట్ ఒప్పందంతో సేలిష్ ప్రజలు ఈ లోయలో చాలా భాగాన్ని అమెరికా ప్రభుత్వానికి వదులుకోవాల్సి వచ్చింది.

నది పేరులోని క్లార్క్, లూయిస్‌తో కలిసి ఖండాన్ని దాటిన అన్వేషకుడు విలియం క్లార్క్. ఈ కథలో ముందుముందు ఇంకో విలియం క్లార్క్ వస్తాడు. ఆయనకి నదితో బంధుత్వం లేదు, పని మాత్రం ఉంది.

2

1882లో రెండు సంఘటనలు జరిగాయి. న్యూయార్క్‌లో ఎడిసన్ పెర్ల్ స్ట్రీట్ విద్యుత్ కేంద్రాన్ని మొదలుపెట్టాడు. బ్యూట్‌లో మార్కస్ డేలీ అనే ఐరిష్ వలసదారు, వెండి కోసం కొన్న అనకొండ గనిలో, మందమైన రాగి పొర మీద పడ్డాడు. కరెంటు పోవాలంటే తీగ కావాలి, తీగకి రాగి కావాలి. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలపాటు బ్యూట్ కొండని ‘భూమ్మీద అత్యంత సంపన్నమైన కొండ’ అన్నారు.

గనిలోంచి వచ్చే రాయిలో రాగి కొద్దిగానే ఉంటుంది. మిగతాది గంధకం, ఆర్సెనిక్, సీసం, జింకు, ఉత్త రాయి. రాయిని పొడికొట్టి, రాగిని వేరుచేశాక మిగిలే పిండి లాంటి మట్టిని టెయిలింగ్స్ అంటారు. దాన్ని ఏం చేయాలి? పక్కనే వాగుంది. వాగులో పోసేశారు. రాయిని కట్టెల మీద కుప్పపోసి కాలిస్తే వచ్చే పొగని ఏం చేయాలి? పైన ఆకాశముంది. బ్యూట్‌లో పట్టపగలే దీపాలు వెలిగించుకోవాల్సిన రోజులుండేవి.

1889లో మోంటానా రాజ్యాంగ సభలో ఈ పొగ గురించి మాట్లాడుతూ విలియం ఎ. క్లార్క్ ఒక వాదన చేశాడు. పొగలో ఉన్న కాస్త ఆర్సెనిక్ వల్లే బ్యూట్ ఆడవాళ్ళ మేనిఛాయ అంత బాగుంటుందని ఆయన చెప్పుకొచ్చాడు. ఈయనే మన రెండో క్లార్క్. డేలీకి బద్ధశత్రువు, ముగ్గురు రాగి రాజుల్లో ఒకడు. లంచాలిచ్చి సెనేటర్ అయ్యాడన్న గొడవ దేశమంతా మోగింది. మార్క్ ట్వేన్ ఈయన్ని దుమ్మెత్తిపోస్తూ ఏకంగా ఒక వ్యాసమే రాశాడు. లాస్‌వేగాస్ ఉన్న క్లార్క్ కౌంటీ ఈయన పేరు మీదిదే.

డేలీ తన రాగిని కరిగించడానికి బ్యూట్‌కి పడమరగా, నీళ్ళున్న చోటు చూసుకుని, 1883లో అనకొండ అనే పట్టణాన్నే కట్టేశాడు. అంటే వరస ఇలా ఉందన్నమాట: బ్యూట్‌లో తవ్వడం, అనకొండలో కరిగించడం, రెండు చోట్ల మిగిలిందీ వాగుల్లో పోయడం. వాగులు రెండూ కలిసేది ఒకే నదిలో.

మట్టి గురించి చెబుతూ మనుషుల్ని మర్చిపోకూడదు. 1917 జూన్ 8న బ్యూట్‌లోని స్పెక్యులేటర్ గనిలో నిప్పంటుకుని 168 మంది చనిపోయారు. అదే ఏడాది ఆగస్టు 1న, సమ్మె చేస్తున్న కార్మికుల కోసం వచ్చిన ఫ్రాంక్ లిటిల్ అనే నాయకుణ్ణి అర్ధరాత్రి ఎత్తుకుపోయి రైలు వంతెనకి ఉరితీశారు. డాషియల్ హామెట్ 1929 నవల ‘రెడ్ హార్వెస్ట్’ లో పర్సన్‌విల్ అనే గనుల పట్టణాన్ని జనం పాయిజన్‌విల్ అని పిలుస్తారు. దానికి మూలం బ్యూట్ అనే సాహిత్య చరిత్రకారులు చెబుతారు. విషం అన్న మాట అప్పటికే అక్కడి గాల్లో ఉంది.

3

మిజూలా చుట్టుపక్కల క్లార్క్‌కి రంపపు మిల్లులు ఉండేవి. వాటికి కరెంటు కోసం రెండు నదులు కలిసే చోటుకి సరిగ్గా కింద ఒక ఆనకట్ట కట్టించాడు. 1908 మొదట్లో పని పూర్తయింది. బుల్ ట్రౌట్ ఎదురీదే దారి మూసుకుపోయింది.

అదే ఏడాది జూన్‌లో, ఈ నది చరిత్రలో కనీవినీ ఎరగనంత వరద వచ్చింది. పాతికేళ్ళుగా బ్యూట్, అనకొండల దగ్గర వాగుల ఒడ్డున పేరుకున్న టెయిలింగ్స్‌ని ఆ వరద ఊడ్చుకుంటూ తెచ్చింది. కొంత దారి పొడవునా పొలాల్లో, ఒడ్డుల్లో పరిచింది. మిగతాది కొత్త ఆనకట్ట వెనక దించింది. ఆనకట్ట మొత్తం కొట్టుకుపోకుండా ఉండాలని అందులో కొంత భాగాన్ని మనుషులే డైనమైట్‌తో పేల్చారు. అలా ఆనకట్ట నిలబడింది, దాంతోపాటు దాని వెనక బురదా నిలబడింది. తర్వాతి దశాబ్దాల్లో ఇంకా వచ్చి చేరుతూ, చివరికి లెక్కవేస్తే 66 లక్షల ఘనగజాలు తేలింది.

ఈ వరస నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. ఆనకట్ట ఒక్క ఏడాది ఆలస్యమై ఉంటే ఆ మట్టి మిజూలా దాటి ఎక్కడెక్కడికో చెదిరిపోయేది. ఒక రాగి రాజు వ్యర్థాలకి ఇంకో రాగి రాజు కట్టిన గోడ అడ్డుపడింది. ఎవరూ కావాలని చేయలేదు. కానీ వందేళ్ళ తర్వాత వచ్చిన గొడవంతా ఆ కొద్ది నెలల తేడాలోనే పుట్టింది.

దారి పొడవునా పొలాల్లో పడ్డ మట్టికీ ఒక పేరుంది. స్థానికులు దాన్ని స్లికెన్స్ అంటారు. గడ్డిపోచ కూడా మొలవని బూడిదరంగు మచ్చలు. ఎండాకాలంలో వాటి మీద రాగి లవణాలు నీలం, ఆకుపచ్చ పొరలాగా పైకి తేలతాయి. చూడ్డానికి అందంగానే ఉంటాయట. ఒక గట్టి వాన పడితే ఆ పొర కరిగి ఒక్కసారిగా నదిలో కలుస్తుంది, చేపలు చచ్చి తేలతాయి. 1980ల్లో కూడా ఇలా జరిగింది.

4

పొగ సంగతికి వద్దాం. 1902లో అనకొండలో వాషో అనే భారీ స్మెల్టర్, అంటే ఖనిజాన్ని కరిగించే కర్మాగారం, మొదలైంది. ఆ చలికాలంలోనే కింద డీర్ లాడ్జ్ లోయలో పశువులు, గుర్రాలు చనిపోవడం మొదలైంది. గడ్డి మీద ఆర్సెనిక్ పడింది. కంపెనీ రైతులకి కొంత పరిహారమిచ్చి, పొగగొట్టాన్ని కొండ మీదికి మార్చి ఎత్తు పెంచింది. విషం తగ్గలేదు, ఇంకా దూరం వెళ్ళి పడింది. 1905లో రైతులు ఫెడరల్ కోర్టుకి వెళ్ళారు. నాలుగేళ్ళు నడిచింది. 1909లో తీర్పు కంపెనీకి అనుకూలంగా వచ్చింది. స్మెల్టర్ మూస్తే దాని మీద బతికే పట్టణాలు ఏమైపోవాలన్నది అక్కడ తూకంలో బరువైన రాయి అయింది. 1919లో ఇంకా పెద్ద పొగగొట్టం కట్టారు, 585 అడుగులు. స్మెల్టర్ పోయినా అది ఇప్పటికీ ఉంది. హైవే మీంచి కనబడేది అదే.

ఈ గొడవల మధ్యే కంపెనీ ఒక పని చేసింది. పొగ పడే లోయలోనే, తన చేతిలో ఉన్న భూమిని సుమారు పదేసి ఎకరాల ముక్కలు చేసి కార్మికులకి అమ్మింది. చూడండి, మా స్మెల్టర్ పక్కనే చక్కగా సేద్యం చేసుకోవచ్చు అని ప్రపంచానికి చూపించాలన్నది అందులో ఒక ఉద్దేశం. కొత్త ఊరికి పెట్టిన పేరు ఆపర్చునిటీ. అవకాశం!

గనిలోనూ కొలిమిలోనూ పనిచేసి వచ్చి, సొంత పెరట్లో కూరగాయలు పండించుకోవచ్చని చాలామంది ఆశపడ్డారు. ఆ ఆశలో తప్పేమీ లేదు. కాకపోతే అదే రోజుల్లో కంపెనీ ఊరి పక్కనే టెయిలింగ్స్ చెరువులు కట్టడం మొదలుపెట్టింది. వాగులో పోయడం మానేసి, బురదని గొట్టాల్లోంచి తెచ్చి అక్కడ నింపింది. దశాబ్దాలు గడిచేసరికి అవి వేల ఎకరాల మైదానమయ్యాయి. ఎండిపోయి గాలి వీచినప్పుడు తెల్లటి దుమ్ము ఊరి మీద పడేది.

5

1955లో బ్యూట్‌లో సొరంగాలు సరిపోవని కొండనే పైనుంచి తవ్వడం మొదలుపెట్టారు. దాన్ని బర్క్‌లీ పిట్ అంటారు. మీడర్‌విల్, మెక్వీన్ లాంటి వలస కార్మికుల పేటల్ని ఆ గొయ్యి మింగేసింది. 1971లో చిలీ ప్రభుత్వం రాగి గనుల్ని జాతీయం చేయడంతో అనకొండ కంపెనీ నడుం విరిగింది. 1977లో ఆర్కో అనే చమురు కంపెనీ దాన్ని కొంది. 1980లో స్మెల్టర్ మూతపడింది. 1982లో పిట్ మూతపడింది, గనుల్లోంచి నీళ్ళు తోడే పంపుల్ని కూడా ఆపేశారు. వేల కిలోమీటర్ల సొరంగాల్లోకి నీళ్ళు ఎక్కుతూ గొయ్యి నిండడం మొదలైంది.

ఆర్కో కొన్నది రాగి అనుకుంది. దాంతోపాటు ఒక శతాబ్దపు మట్టిని కూడా కొన్నట్టయింది. ఎందుకంటే 1980 డిసెంబరులో అమెరికా కాంగ్రెస్ సూపర్‌ఫండ్ చట్టం చేసింది. విషం ఎప్పుడు పోశారన్నది అనవసరం, పోసినవాళ్ళో వాళ్ళ వారసులో శుభ్రం చేయాల్సిందే అన్నది దాని సారం. చట్టం రాక ముందు చేసినవాటికీ అది వర్తిస్తుంది.

1981లో మిల్‌టౌన్‌లో తాగునీళ్ళ పరీక్ష చేస్తే నాలుగు బావుల్లో ఆర్సెనిక్ బయటపడింది. గనులు లేని ఊరు, స్మెల్టర్ లేని ఊరు. ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆనకట్ట వెనక బురదలోంచి. నీళ్ళ కింద గాలి తగలకుండా ఉండే బురదలో, ఇనుముని పట్టుకుని ఉన్న ఆర్సెనిక్ విడిపోయి నీటిలో కరుగుతుంది. ఆనకట్ట ఎత్తిపట్టిన నీటి ఒత్తిడికి అది భూమిలోకి ఇంకి బావుల దాకా నడిచింది. 1908 వరద 73 ఏళ్ళు ఆలస్యంగా ఆ ఊరివాళ్ళ గ్లాసుల్లోకి వచ్చిందన్నమాట. 1983లో మిల్‌టౌన్‌ని సూపర్‌ఫండ్ జాబితాలో చేర్చారు.

6

ఇక్కణ్ణుంచి ఇరవై ఏళ్ళు వాదన. బురదని కదిలిస్తే ఇంకా ప్రమాదం, ఆనకట్టని బలపరిచి అలాగే ఉంచుదాం అన్నవాళ్ళున్నారు. వేరే బావి తవ్వి ఊరికి నీళ్ళిస్తే సరిపోతుంది కదా అన్నది ఇంకో మాట. 1996 ఫిబ్రవరిలో బ్లాక్‌ఫుట్ మీదుగా కిలోమీటర్ల పొడవున మంచు గడ్డలు ఆనకట్ట మీదికి కదిలి వచ్చాయి. ఆనకట్టని కాపాడ్డానికి జలాశయంలో నీళ్ళు గబగబా వదిలారు. దాంతో బురద లేచింది, నీళ్ళల్లో రాగి పెరిగింది, కింద చేపలు పోయాయి. ఆనకట్ట ఉంటే బురద భద్రంగా ఉంటుందన్న వాదన ఆ రోజుతో వీగిపోయింది.

మిజూలా యూనివర్సిటీ ఉన్న ఊరు. రచయితలు, శాస్త్రవేత్తలు, చేపలు పట్టడాన్ని పూజలా చేసే మనుషులు ఉన్న ఊరు. ఆనకట్ట తీసేయండి, నదిని తిరిగి ఇవ్వండి అని కార్ల వెనక స్టిక్కర్లు వెలిశాయి. క్లార్క్ ఫోర్క్ కొయెలిషన్ అనే సంస్థ పోరాటాన్ని ముందుండి నడిపింది. చివరికి ఈపీఏ అనే కేంద్ర పర్యావరణ సంస్థ 2003లో ఒప్పుకుంది. ఆనకట్ట తీసేస్తాం, అన్నిటికంటే ఎక్కువ విషమున్న బురదని తవ్వేస్తాం అంది.

తవ్వి ఎక్కడ పెట్టాలి? మొదటి ప్రతిపాదన, మిల్‌టౌన్‌కి దగ్గర్లోనే బ్యాండ్‌మన్ ఫ్లాట్స్ అనే చోట పూడ్చిపెట్టాలని. అక్కడివాళ్ళు వద్దన్నారు. మా నదిలోంచి తీసి మళ్ళీ మా పక్కనే పెడతారా అన్నారు. న్యాయమైన ప్రశ్నే. 2004 డిసెంబరులో వెలువడ్డ తుది నిర్ణయంలో చోటు మారింది. రైలు మీద ఆపర్చునిటీకి పంపుతామన్నారు. అక్కడ ఎలాగూ వేల ఎకరాల వ్యర్థం ఉంది కదా, దాని మీద ఈ మట్టి పరిస్తే మొక్కలు మొలిచి దుమ్ము కూడా తగ్గుతుంది అన్నది లెక్క.

2008 మార్చి 28న ఆనకట్టకి గండి కొట్టారు. కొండ మీద గుమిగూడిన జనం చప్పట్లు కొట్టారు. వందేళ్ళ తర్వాత రెండు నదులూ అడ్డు లేకుండా కలిశాయి. అంచనా వేసినదానికంటే ఎక్కువ బురదే కిందికి పోయిందిగానీ, నది తట్టుకుంది. 2010 చివర్లో కొత్తగా మలిచిన పాయలోకి నీళ్ళు వదిలారు. ఒడ్డున విల్లో, కాటన్‌వుడ్ చెట్లు నాటారు. వరద వస్తే పొంగి పరుచుకోవడానికి చోటు వదిలారు. తర్వాతి ఏడాదే పెద్ద వరద వచ్చి ఆ పనిని పరీక్షించింది. నది తను గీసుకోవాల్సిన గీతలు తనే గీసుకుంది. మిల్‌టౌన్ బావుల కింద నీళ్ళల్లో ఆర్సెనిక్ తగ్గుతూ వచ్చింది. బుల్ ట్రౌట్ పైకి ఈదడానికి దారి తెరుచుకుంది. ఇప్పుడక్కడ ఒక స్టేట్ పార్కు ఉంది.

ఇదంతా గొప్ప విషయమే. నేను దీన్ని తక్కువ చేయడం లేదు. నాలుగు దశాబ్దాల కిందట ఎవరైనా ఈ మాట చెప్పి ఉంటే నవ్వేవాళ్ళు. పైన సిల్వర్ బో క్రీక్ పొడవునా కూడా ఇలాగే టెయిలింగ్స్ తవ్వి తీశారు. ఒకప్పుడు చేప అన్నదే లేని ఆ వాగులో ఇప్పుడు ట్రౌట్ ఉంది. ఆ మట్టిలో కూడా చాలా భాగం వెళ్ళింది ఆపర్చునిటీకే.

7

రైలు ఆగిన చోటికి వద్దాం. మిల్‌టౌన్ బురద మీద ఆశించినట్టు మొక్కలు మొలవలేదు. అందులోని లోహాలు, లవణాలు మొలకల్ని బతకనివ్వలేదు. దాని మీద మళ్ళీ వేరే మట్టి కప్పాల్సి వచ్చింది. మిజూలాలో పుస్తకాలు, డాక్యుమెంటరీలు, పండగలు. ఆపర్చునిటీలో ఇంకొంచెం ఎత్తు పెరిగిన మైదానం. బ్రాడ్ టయర్ అనే జర్నలిస్టు 2013లో ‘ఆపర్చునిటీ, మోంటానా’ అనే పుస్తకం రాసేదాకా బయటివాళ్ళు ఆ ఊరి పేరు కూడా పెద్దగా వినలేదు.

ఎందుకిలా జరిగింది? విలన్ కోసం వెతికితే సులువుగా దొరకడు. సాంకేతికంగా ఆ నిర్ణయంలో తర్కం ఉంది. చెదిరిన విషాన్ని ఒకచోట చేర్చడం, నదికి దూరంగా పెట్టడం, ఎప్పటికీ కాపలా కాయడం తెలివైన పనే. కానీ ఏ చోటు అన్న ప్రశ్నకి ఆ తర్కం ఇచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే: ఇప్పటికే పాడైన చోటు. 1910ల్లో కంపెనీ ఎక్కడ చెరువు కట్టిందో 2004లో ప్రభుత్వం అక్కడే మట్టి దించింది. మొదటి అన్యాయం రెండోదానికి అర్హత పత్రం అయింది. అక్కడుండేది కొన్ని వందల మంది. వాళ్ళ దగ్గర యూనివర్సిటీ లేదు, నవల లేదు, కారు వెనక స్టిక్కరు లేదు.

సూపర్‌ఫండ్ భాషలో రెండు వేరువేరు మాటలున్నాయి. ఒకటి శుద్ధి: మనిషి ఆరోగ్యానికి హాని లేనంతవరకు విషాన్ని తగ్గించడం. రెండోది పునరుద్ధరణ: పాడవక ముందు ఎలా ఉందో దానికి వీలైనంత దగ్గరగా తీసుకురావడం. మిల్‌టౌన్ నదికి రెండూ దొరికాయి. ఆపర్చునిటీ పెరళ్ళకి మొదటిదే దొరికింది.

ఆ రెండోది కూడా కావాలని ఆపర్చునిటీ, దాని చుట్టుపక్కల భూములున్న 98 మంది 2008లో, అంటే మిల్‌టౌన్‌లో గండి కొట్టిన ఏడాదే, ఆర్కో మీద రాష్ట్ర కోర్టుకి వెళ్ళారు. ఈపీఏ పెట్టిన హద్దు, నివాస స్థలాల మట్టిలో పది లక్షల పాళ్ళకి 250 పాళ్ళ ఆర్సెనిక్. వీళ్ళు 15కి దించాలన్నారు. మట్టిని రెండడుగుల లోతు దాకా మార్చాలన్నారు. భూగర్భ జలాల్ని వడకట్టడానికి 8,000 అడుగుల పొడవున భూమిలో ఒక గోడ కావాలన్నారు. మోంటానా సుప్రీంకోర్టు వాళ్ళ పక్షాన నిలిచింది. కేసు దేశ సుప్రీంకోర్టుకి వెళ్ళింది.

2020 ఏప్రిల్ 20న తీర్పు వచ్చింది. రాష్ట్ర కోర్టులో దావా వేసే హక్కు వాళ్ళకి ఉందని కోర్టు ఒప్పుకుంది. కానీ ఇంకో మాట చెప్పింది. విషం వాళ్ళ భూమిలో ఉంది కాబట్టి, చట్టం దృష్టిలో ఆ భూమి సొంతదారులు కూడా ‘బాధ్యులు కాగల వ్యక్తులే’. అలాంటివాళ్ళు ఈపీఏ అనుమతి లేకుండా పునరుద్ధరణ పని మొదలుపెట్టడానికి వీల్లేదు. కాలుష్యానికి ఏ సంబంధం లేని ఇంటివాళ్ళని ఇలా చూడ్డం సరికాదని జస్టిస్ గోర్సచ్ విడిగా రాశారు. మెజారిటీ ఆయన వైపు లేదు.

ఈ తీర్పు చదివాక చాలాసేపు నాకు వేరే ఏమీ తోచలేదు. పొగగొట్టం కట్టింది వాళ్ళు కాదు. చెరువు తవ్వింది వాళ్ళు కాదు. రైలు పిలిచింది వాళ్ళు కాదు. ఆ మట్టి వచ్చి తమ పెరట్లో పడటమే వాళ్ళని బాధ్యుల జాబితాలో చేర్చింది. చట్టానికి దాని కారణం దానికుంది. తలా ఒకరు తవ్వడం మొదలుపెడితే పాతిపెట్టిన విషం మళ్ళీ లేస్తుందన్నది నిజమైన భయమే. అయినా మిజూలావాళ్ళు మా నది మాకు కావాలంటే దాన్ని ఉద్యమమన్నాం. ఆపర్చునిటీవాళ్ళు మా పెరడు మాకు కావాలంటే దానికి అనుమతి కావాలన్నాం.

8

పైన బ్యూట్‌లో గొయ్యి నిండుతూనే వచ్చింది. 1995 నవంబరులో వలసపోతున్న మంచు బాతులు దాన్ని సరస్సనుకుని దిగాయి. 342 పక్షులు చచ్చిపోయాయి. 2016 నవంబరులో మంచు తుఫాను నుంచి తప్పించుకోవడానికి దిగినవి వేల సంఖ్యలో పోయాయి. అందుకని అక్కడ పక్షులు వాలకుండా శబ్దాలు చేసి తరిమే మనుషులున్నారు. ఒక మంచి చోటు అనుకుని దిగిన పక్షికి, ఇది నీ చోటు కాదు పో అని చెప్పడం ఒక ఉద్యోగం. 2019 నుంచి ఆ నీళ్ళని తోడి, సున్నంతో లోహాలు విరిచి, శుద్ధి చేసి సిల్వర్ బో క్రీక్‌లోకి వదులుతున్నారు. ఆ పని ఆపితే గొయ్యిలో నీటి మట్టం పెరిగి విషం వాగులోకి, అక్కణ్ణుంచి నదిలోకి చేరుతుంది. కాబట్టి ఆపరు. ముగింపు తేదీ అంటూ ఏ కాగితం మీదా లేదు.

ఎగువ క్లార్క్ ఫోర్క్‌లో ఇటీవలి సంవత్సరాల్లో బ్రౌన్ ట్రౌట్ సంఖ్య బాగా పడిపోయింది. వేడెక్కుతున్న నీళ్ళు, తగ్గుతున్న ప్రవాహం, ఒడ్డుల్లో ఇంకా మిగిలిన స్లికెన్స్, అన్నీ అనుమానితులే. బాగుచేశాం అని చెప్పి చేతులు దులుపుకునే రోజు ఈ నది విషయంలో ఇంకా రాలేదు.

నది చరిత్ర రాసేవాళ్ళు మామూలుగా నీళ్ళ వెంట కిందికి నడుస్తారు. ఈ లోయ చరిత్ర అర్థం కావాలంటే మట్టి వెంట పైకి నడవాలి. నీళ్ళ వెంట నడిస్తే మిల్‌టౌన్‌లో, రెండు నదులు కలిసే అందమైన చోట కథ ముగుస్తుంది. మట్టి వెంట నడిస్తే ఆపర్చునిటీ చేరతాం. అక్కడ ఇప్పటికీ జనం ఉంటున్నారు, పెరళ్ళలో కూరగాయలు వేసుకుంటున్నారు. ఆ పెరటి మట్టిలో ఎంత ఆర్సెనిక్ ఉంటే పర్వాలేదో చెప్పే సంఖ్య 250. వాళ్ళు అడిగిన సంఖ్య 15.